దొరల మేడలు, ప్రజల వాకిళ్లు

ఇంటికి ఆయుర్దాయము గోడలవలన గాక వాడుకవలన గలుగును. తాటాకుపాకయైనను పొయ్యి రగులుచు, వాకిట ముగ్గు పడుచున్నంతకాలము నిలుచును. రాతిమేడయైనను మనుష్యసంచారము తప్పినచో కొలది యేండ్లలోనే గబ్బిలములకు కాపురమగును. ఈ సంగతి మన పల్లెలలో నెరుగనివారు లేరు. కాని యొకని వైభవమునకై కట్టబడిన పెద్దమేడ, ఆ మనుష్యుడును ఆ వైభవమును గతించిన వెనుక నేమి కావలెనను ప్రశ్నను గూర్చి మాత్రము మనము తగినంత యాలోచన చేసినట్లు కానరాదు. దాస్యచిహ్నమని కూల్చుమనువారు కొందరు. పూర్వవైభవమని దూరమునుండి నమస్కరించువారు కొందరు. మంచి యద్దె వచ్చునని పెండ్లిండ్లకిచ్చువారు మరికొందరు. ఈ మూడును గాక నాలుగవ మార్గమొకటి కలదని మా యభిప్రాయము. దానిని మా విజయవాడలోని యొక భవనమును, మా బందరుతో కొంత సంబంధముగల హైదరాబాదు భవనమును ఆధారముగా జేసికొని మనవి చేయదలచితిమి.

ఈ ప్రశ్న మిక్కిలి తీవ్రముగా నెదురైన దేశము ఇంగ్లాండు. అచ్చటి ప్రభువులు తమ భూములనడుమ, చెరువులును తోటలును పచ్చికబయళ్లును చుట్టునుండ, పదులకొలది గదులతో మేడలు కట్టుకొనిరి. పైయంతస్తులలో దొరయు దొరసానియు అతిథులును. క్రిందియంతస్తులో వంటవారు, దాసీలు, బట్టలుతుకువారు. దొర యెక్కు మెట్లు వేరు, నౌకర్లు దిగు మెట్లు వేరు. పొయ్యిలో బొగ్గువేయు పిల్ల యజమానుల కంటబడకుండ తెల్లవారకమునుపే పని ముగించి తొలగిపోవలెను. భూముల కౌలు వచ్చుచు, స్వల్పజీతమునకు మనుష్యులు దొరకుచున్నంతకాలము ఈ మేడలు వెలిగినవి. 19వ శతాబ్దము చివర విదేశములనుండి చౌకధాన్యము దిగి కౌళ్లు పడిపోయెను. 1894లో వారసత్వపు టాస్తులపై గట్టిపన్ను వచ్చెను. 1914లో మొదలైన మహాయుద్ధమున ననేక కుటుంబముల కొడుకులు మరణించిరి. నౌకర్లు కర్మాగారములలోను కార్యాలయములలోను మేలైన పని చూచుకొనిరి. ఇట్లు 20వ శతాబ్దములో వేయికి మించిన మేడలు ఆ దేశమున నేలమట్టమయ్యెను.

మిగిలిన వాటిలో పెక్కు వాడుక మార్చుకొని నిలిచినవి. డెవన్‌షైరు ప్రభువుల చాట్స్‌వర్తు మేడలో 1939లో యుద్ధము రాగానే ఒక బాలికల పాఠశాల వచ్చి దిగెను. రాజులకై యలంకరించిన గదులలో మంచములు వరుసగా వేసికొని విద్యార్థినులు నిద్రించిరి. బ్లెచ్‌లీ పార్కను మరియొక మేడ ఆ యుద్ధమునందే శత్రువుల రహస్యలిపులను ఛేదించు స్థావరమయ్యెను. అచ్చట పనిచేసినవారిలో నాలుగింట మూడుపాళ్లు స్త్రీలని లెక్కలు చెప్పుచున్నవి. 1895లో నేర్పడిన నేషనల్ ట్రస్టను సంస్థకు 1937లో నొక చట్టము తోడుపడెను. దానివలన యజమానులు తమ మేడను ఆ సంస్థకిచ్చివేసి, అందులో కాపురముండుచు, ప్రజలు వచ్చి చూచుట కంగీకరించు పద్ధతి వచ్చెను. ఆ సంస్థయే 2020లో తన స్థలముల చరిత్రను పరిశోధించి, బానిసల వ్యాపారముతోనో వలసరాజ్యములతోనో సంబంధముగలవి 93 కలవని ప్రకటించెను. మేడను కాపాడుటయు, ఆ మేడ యెవరి సొమ్ముతో లేచినదో చెప్పుటయు ఒకే ధర్మములోని రెండు భాగములని వారు గ్రహించిరనుకొందుము.

ఈ చివరిమాట మనకు పరాయిది కాదు. 1759లో కర్నల్ ఫోర్డు మచిలీపట్టణపు కోటను ఫ్రెంచివారివద్దనుండి పట్టుకొనెను. 1766లో ఉత్తరసర్కారులు ఒడంబడికచే కంపెనీవశమయ్యెను. నాటినుండి మన కృష్ణాతీరపు శిస్తులో నెంతభాగ మోడలెక్కి పోయి, ఏ పచ్చికబయళ్లలో ఏ స్తంభములై నిలిచినదో ఊహింపవచ్చును. ఇచ్చట మిగిలినదానితో మన జమీందారులును దివాణములు కట్టుకొనిరి. నూజివీడు, చల్లపల్లి, ఉయ్యూరు, మునగాల యను పేర్లు వినని కృష్ణామండలవాసి లేడు. 1855లో బెజవాడ యానకట్ట పూర్తియై కాలువలు పారిన పిదప భూమికి విలువ పెరిగెను. దివాణములకు అద్దాలును దీపగుచ్ఛములును వచ్చెను. రైతు మాత్రము చెప్పులు చేతబట్టుకొని ఆ వాకిట నిలిచెను. 1948నాటి చట్టముతో జమీందారీలు రద్దయ్యెను. అధికారము పోయెను గాని, పెద్దవాకిలి చూడగనే తల వంచు నలవాటు మన వెన్నెముకలనుండి యంత త్వరగా పోలేదు.

విజయవాడలో బందరురోడ్డు ప్రక్కనున్న యొక భవనమును చూడుడు. జనులు దానిని చిరకాలము విక్టోరియా మ్యూజియమని పిలిచిరి. విక్టోరియారాణి సింహాసనమెక్కి యేబదియేండ్లు నిండిన 1887లో, ఆ యుత్సవమునకు గుర్తుగా దీనికి శంకుస్థాపన జరిగెను. జూను 27వ తేదీని నాటి కృష్ణా కలెక్టరు రాబర్టు స్యూయెలు రాయి వేసెను. ఈయన అమరావతి స్తూపపుదిబ్బను 1877లో త్రవ్వించినవాడు. 1900లో విజయనగరచరిత్రను గ్రంథముగా ప్రకటించినవాడు. మన ప్రాచీనతపై ప్రీతియు, మనపై నధికారమును ఒకే మనుష్యునియందు కాపురముండుట ఆ కాలమునకు సహజము. హిందూ, ఐరోపా శిల్పరీతులు కలసిన ఆ భవనములో మండలపు వ్యవసాయవస్తువులును చేతిపనులును ప్రదర్శింపవలెనని యుద్దేశము. చక్రవర్తిని సుభిక్షముగా పాలించుచున్నదనుటకు మన ధాన్యము, మన గుడ్డ, మన బొమ్మలు సాక్ష్యము చెప్పవలసియుండెను.

ముప్పదినాలుగేండ్లు గడచెను. 1921 మార్చి 31, ఏప్రిలు 1 తేదీలలో అఖిలభారత కాంగ్రెసు సంఘము బెజవాడలో సమావేశమయ్యెను. దానికి చోటిచ్చినది ఈ భవనమే. తిలకు స్వరాజ్యనిధికి కోటిరూపాయలు, కాంగ్రెసునకు కోటిమంది సభ్యులు, దేశమున నిరువదిలక్షల రాట్నములు, అన్నియు జూను 30లోపల సిద్ధపరుపవలెనని గాంధీగారు కోరిరి, సభ యంగీకరించెను. చక్రవర్తిని పేరిట లేచిన గోడలనడుమ, చక్రవర్తిత్వము లేకుండ బ్రతుకుట కెన్ని రాట్నములు కావలెనో లెక్క వేయబడెను. కృష్ణామండలమున భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్యగారు, జాతీయపతాకమును గూర్చి 1916లోనే పుస్తకము ప్రకటించినవారు, గాంధీగారి కోరికపై రాట్నముగల జెండాను ఇచ్చటనే చిత్రించియిచ్చిరి. కొన్నిగంటలలోనే సిద్ధమైనను అది సంఘము ముందునకు వచ్చుటకు కాలము మించెను. కావున ఆ సభ దానిని తీర్మానింపలేదు. ఈ చిన్నసంగతిని మరుగుపరుపవలసిన పనిలేదు. మంచిపనులన్నియు సభాతీర్మానముతోనే పుట్టవు. ఆ జెండా రూపు మార్చుకొనుచు 1931లో కాంగ్రెసు జెండాగా నంగీకరింపబడెను. తుదకు రాట్నముస్థానమున ధర్మచక్రమును దాల్చి 1947 జులై 22న దేశపతాకమయ్యెను.

స్వాతంత్ర్యము వచ్చినవెంటనే ఆ భవనమును కూల్చియుండవచ్చును. పరరాణి పేరు దానిపై నుండెను గదా. అట్లు కూల్చియుండినచో జెండా పుట్టిన చోటును మనచేతులతోనే పోగొట్టుకొనియుందుము. అది జరుగలేదు. 1962లో ఆ భవనము పురావస్తుశాఖవారి ప్రదర్శనశాలయయ్యెను. మరమ్మతులు జరిగి కొత్త భాగము చేరినపిదప 2020 అక్టోబరు 1న బాపు మ్యూజియమను పేర మరల తెరువబడెను. కృష్ణామండలపు అల్లూరునుండి వచ్చిన తెల్లరాతి బుద్ధుడు అందులో నిలిచియున్నాడు. రాణి యుత్సవము, గాంధీగారి సభ, బుద్ధుని శాంతము, ఈ మూడు నొకే కప్పుక్రింద చేరినవి. కట్టినవాడు తలచిన ప్రయోజన మొకటి, కాలము నెరవేర్చినది వేరొకటి.

ఇంతవరకు చరిత్ర. ఇక మా యింటిమాట యొకటి చెప్పెదము. మా మేనత్తగారు నలుబదియేండ్లు విజయవాడలోనే కాపురముండి, కూరలకును ఆసుపత్రికిని గుడికిని ఆ రోడ్డున లెక్కలేనన్నిమారులు నడచియు, ఆ భవనములో నొక్కమారైన నడుగుపెట్టలేదు. మేము రమ్మనినప్పుడు, "మనబోటివాళ్లకి అక్కడేం పని నాయనా? చదువుకున్నవాళ్లు చూసుకునేవి," అనిరి. బలవంతముమీద తీసికొనిపోతిమి. ద్వారముకడ చెప్పులు విడువబోయిరి. అక్కరలేదని మేము చెప్పినను, ఎవరైన కోపపడుదురేమోయని రెండుమారులు వెనుదిరిగి చూచిరి. లోపల ప్రాచీనపు మట్టిపాత్రలయొద్ద మాత్రము వారి ముఖము వికసించెను. "ఇది మన అటికే కదూ! అంచు ఇలా తిప్పితే గంజి వార్చేటప్పుడు చెయ్యి కాలదు," అని మాకు పాఠము చెప్పసాగిరి. ఆ పాత్రప్రక్కనున్న పలకపై పాత్ర వయస్సు కలదు గాని, అంచు ఎందుకట్లు తిరిగినదో లేదు. వేలయేండ్లుగా వంటయిండ్లలో నిలిచియున్న విద్య వారిది. ఆ విద్యకు ప్రదర్శనశాలలో గౌరవము కలదని వారి కంతవరకు తెలిపినవారు లేరు.

ఆనాడు మాకు స్పష్టముగా బోధపడినదేమనగా, వాకిలి తెరచినంతమాత్రమున జనులు లోనికి రారు. తరతరములుగా వెలుపల నిలుచుటకలవాటుపడినవారికి తెరచిన వాకిలియు మూసినవాకిలివలెనే కానవచ్చును. పురుషులలో బీదవారికే యిట్లుండగా, స్త్రీలమాట చెప్పనక్కరలేదు. మేడలు కట్టిన కాలమున వారిలో కొందరు లోపలనుండి వెలుపలికి రాకూడనివారు. తక్కినవారు వెలుపలనుండి లోపలికి పోకూడనివారు.

లోపలనుండి వెలుపలికి రాలేకపోయిన యొక స్త్రీ కథ మా బందరుతో ముడిపడియున్నది. హైదరాబాదులో మూసీయొడ్డున, ఆంగ్లేయుల గ్రామప్రాంతపు మేడలకు దీటైన భవనమొకటి కలదు. ఎత్తయిన స్తంభములు, వెడల్పైన మెట్లవరుస, మెట్లకిరుప్రక్కల సింహములు, పైన కంపెనీవారి రాజచిహ్నము. దానిని నిజాము ధనముతో కట్టించినవాడు కంపెనీ రెసిడెంటు జేమ్సు అకిలిస్ కర్క్‌పాట్రిక్. 1803 ప్రాంతమున పని మొదలయ్యెను. నమూనా గీచినవాడు శామ్యూల్ రస్సెలను సైనిక ఇంజనీరు. కోఠి యనగా మేడ. ఆ యొక్కమేడ పేరే చుట్టునున్న పేట కంతకు పేరయ్యెను.

కర్క్‌పాట్రిక్ హైదరాబాదు ఉన్నతకుటుంబమునకు చెందిన ఖైరున్నీసాను పెండ్లాడి, ఆమెకై ఆ యావరణలోనే రంగుమహలను రాణివాసమును కట్టించెను. ఘోషాలోనున్న యామె భర్తమేడను ఎదుటినుండి చూడజాలదు. అందుచే దాని చిన్నరూపమును చేయించి ఆమె తోటలో పెట్టించెనని జనులు చెప్పుకొందురు. ఆ చిన్నమేడ నేటికిని కలదు. తన యింటిని బొమ్మలో మాత్రమే చూడవలసిన గృహిణి! మన సంఘస్థితిని తెలుపుటకు ఇంతకన్న పెద్ద యుపన్యాస మక్కరలేదు. 1805లో ఆమె బిడ్డలిద్దరు చదువుపేర ఇంగ్లాండునకు పంపబడిరి. ఆ తల్లి మరల వారిని చూడలేదు. ఆ సంవత్సరమే భర్త కలకత్తాలో మరణించెను. పిదప హైదరాబాదునకు రాగూడదను నాజ్ఞకు లోబడి యామె మా మచిలీపట్టణములో కొన్నియేండ్లు గడపెను. బందరువీథులలో నామె గుర్తు లేదు. సముద్రపుగాలి వినియుండు నామె నిట్టూర్పులు. 1813లో నామె హైదరాబాదులో గతించెను. ఆమె రంగుమహలును తరువాతివారు కూల్పించిరి.

మేడ మాత్రము నిలిచెను. 1857 జులై 17న తుర్రెబాజుఖానును మౌల్వీ అల్లావుద్దీనును జనమును గూర్చుకొని దానిపై దాడిచేసిరి. తుర్రెబాజుఖాను ప్రాణములు గోల్పోయెను; మౌల్వీ అండమానునకు పంపబడెను. చిత్రమేమనగా, ఆ మేడ నీడనుండు రెసిడెన్సీబజారు ఆంగ్లేయుల పాలనలో నుండుటవలన, నిజాము రాజ్యమున తెలుగుసభలకు దొరకని వెసులుబాటు అచ్చట కొంత దొరకెను. 1901 సెప్టెంబరు 1న రావిచెట్టు రంగారావుగారి యింట శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయ మచ్చటనే పుట్టెను. దానికి ప్రాణము పోసినవారు మన కృష్ణామండలపు పెనుగంచిప్రోలున జన్మించిన కొమర్రాజు వేంకటలక్ష్మణరావుగారు. అండగా నిలిచినవారు మునగాల రాజా నాయని వేంకటరంగారావుగారు. పరులు తమ సౌకర్యమునకై వేసికొన్న గోడచాటున మన భాష యొక దీపము వెలిగించుకొనెను.

1947లో రెసిడెంటు పదవి యంతరించెను. 1924లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయపు మహిళాకళాశాల 1949లో ఆ మేడకు వచ్చి చేరెను. ఒక స్త్రీ యెదుటినుండి చూడజాలని మేడయెదుటి మెట్లపై, నాటినుండి వేలకొలది బాలికలు పుస్తకములతో నెక్కుచు దిగుచుండిరి. మా బంధువులలో నొకబాలిక అచ్చట చదువుకొనెను. సింహపు పాదములయొద్ద కూర్చుండి పెరుగన్నము తినుట తన కళాశాలజీవితమున మరువరాని సంగతియని యామె చెప్పుచుండును. శిథిలావస్థకు వచ్చిన ఆ మేడను బహుకాలము శ్రమించి బాగుచేసి 2023లో తిరిగి తెరచిరి. కళాశాల 2022లో మహిళావిశ్వవిద్యాలయమయ్యెను. తరువాత దానికి చాకలి ఐలమ్మగారి పేరు వచ్చెను. పాలకుర్తిలో దొరనెదిరించి తన పొలమును, పంటను కాపాడుకొన్న రజకవనిత ఆమె.

మా మేనత్తగారిని ఆ మేడకును తీసికొనిపోతిమి. ఈమారు వారు ద్వారముకడ వెనుదిరిగి చూడలేదు. దర్బారుశాలను నఖశిఖపర్యంతము పరిశీలించి, "ఇంత ఇంటికి చీపురు పట్టిందెవరో, ఈ తెరలు ఉతికిందెవరో, వాళ్ల పేర్లు ఎక్కడా రాయలేదేం?" అని యడిగిరి. మేము ప్రత్యుత్తర మీయలేకపోతిమి. రెసిడెంట్ల పేర్లు వరుసగా దొరకును; తెరలుతికినవారి పేర్లు ఏ దస్త్రములోను మాకు కనబడలేదు. అయినను అట్టి చేతులు గల యొక స్త్రీ పేరు నేడు ఆ విద్యాలయమునకు పేరైనది. బాకీ తీరలేదు గాని, వడ్డీలో కొంత చెల్లినట్లు మాకు తోచెను.

అన్ని మేడలకును ఇట్టి యదృష్టము పట్టదు. హైదరాబాదులోనే ఫలక్‌నుమా 2010నుండి ధనవంతులు బసచేయు హోటలైనది. ఇర్రంమంజిలును కూల్చి శాసనసభాభవనము కట్టవలెనను ప్రయత్నమును 2019లో హైకోర్టు ఆపెను. హోటలైనచో కప్పు కారకుండ నిలుచును. దానిని మేము తృణీకరింపము. కాని సామాన్యుడు గేటువద్దనే నిలిచిపోవునప్పుడు దొర మారెనే గాని మేడ స్వభావము మారలేదు. రంగు వేసినంతమాత్రమున మార్పనిపించుకొనదు. ఎవరు లోపలికి వచ్చుచున్నారు, వచ్చి యేమి నేర్చికొని పోవుచున్నారు, ఎవరి కథ యచ్చట చెప్పబడుచున్నది, ఇవియే కొలతలు.

కావున మా మనవి యిది. మన మండలములో నింకను నిలిచియున్న దివాణములు, కచేరీలు, కాలువల బంగళాలు శిథిలముకాకమునుపే, వాటిని పఠనమందిరములుగనో, బాలికల వసతిగృహములుగనో, ఊరి ప్రదర్శనశాలలుగనో మార్చుటకు స్థానికులు పూనుకొనవలెను. అచ్చటి పలకలు సులభమైన తెలుగున, మా మేనత్తగారు చదివినను తృప్తిపడునట్లు వ్రాయబడవలెను. కట్టించినవాని పేరుతోపాటు, ఆ సొమ్ము ఏ శిస్తునుండి వచ్చినదో, ఆ రాళ్లు ఎవరు మోసిరో దొరకినంతవరకు చెప్పవలెను. ప్రభుత్వము చేయవలసినపని ప్రభుత్వము చేయునుగాక. ఇంటివారు చేయవలసినది మరియొకటి కలదు. వచ్చు నాదివారమున బందరురోడ్డు భవనమునకు మీరొక్కరే పోకుడు. ఇంటనున్న పెద్దమ్మను, కోడలిని, అంట్లు తోము నామెను, ఆమె బిడ్డలనుగూడ వెంటబెట్టుకొని పొండు. మీరు చదివినది వారికి చెప్పుడు. వారెరిగినది మీరు వినుడు. ద్వారముకడ వారు చెప్పులు విడువబోయినచో వలదని నివారించి, ముందుగా వారినే లోనికి నడువనిండు.